పిడుగుకి లాన్ పోర్ట్ పోయింది: కార్డు మనమే పెట్టుకోవాలా, షాపుకివ్వాలా?

గోదారిగట్టు:
మొన్నటి ఉరుముల వానకి మా డెస్క్‌టాప్‌లో నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్ట్ పోయింది. కేబుల్ పెడితే లైటు వెలగదు, డివైస్ మేనేజర్‌లో లాన్ చిప్ రియల్‌టెక్ పేరే లేదు. అదే కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెడితే నెట్ వస్తోంది. షాపులో అడిగితే మదర్‌బోర్డే మార్చాలన్నారు. మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లాన్ కార్డు కొని నేనే పెట్టుకుందామనుకుంటే ఇంట్లో వద్దని ఒకటే గొడవ. మీరేమంటారు?

పాతసిస్టం:
నిక్షేపంగా మీరే పెట్టుకోండి. కరెంటు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కాస్త చార్జి కూడా పోతుంది. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి ఆనించి, కార్డుని అంచులు పట్టుకుని చిన్న స్లాట్‌లో నిటారుగా నొక్కండి. బంగారు రంగు కాళ్లు బయటికి కనపడకూడదు. స్క్రూ బిగించాక బయాస్‌లో (సిస్టం ఆన్ కాగానే తెరిచే సెట్టింగ్స్‌లో) పాత లాన్ ఆపేయండి. డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) దొరక్కపోతే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి, ఫోన్ నెట్‌తోనే దించుకోండి. వెయ్యి లోపు పనికి మదర్‌బోర్డు మార్చమనడం అన్యాయం. నేను ఒక షాపులో సిస్టం ఇస్తే రెండు ర్యామ్‌ల్లో ఒకటే తిరిగొచ్చింది. అప్పటి నుంచి నా సిస్టం గడప దాటలేదు.

క్రింపింగ్:
ముందు కేబుల్ చూడండి.

గోదారిగట్టు:
ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోందని రాశాను కదండీ.

సర్వీస్‌బెంచ్:
నాది చిన్న సర్వీస్ షాపు. ఎవరో ఒకరు మోసం చేస్తే అందరినీ ఆ గాటన కట్టేయడం బాధగా ఉంది. పిడుగు దెబ్బ పోర్ట్‌తోనే ఆగిందని ఎవరు చెప్పారు? సర్జ్ (ఒక్కసారిగా ఎగదన్నే కరెంటు) వచ్చిన బోర్డులు మొదట బాగానే నడిచి తర్వాత పోయినవి నా బల్ల మీదికి వస్తుంటాయి. కార్డుని వంకరగా తోసి స్లాట్ విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

పాతసిస్టం:
భయపెట్టకండి. ర్యామ్ సంగతికి మీ దగ్గర జవాబుందా?

సర్వీస్‌బెంచ్:
మీ ర్యామ్ నేను తీయలేదు.

మేడమీదగది:
యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొనేస్తే పోలా? క్యాబినెట్ విప్పే పనే లేదు.

పాతసిస్టం:
చౌకవి చాలావరకు యూఎస్‌బీ 2.0వే. దాని గరిష్ఠమే 480 ఎంబీపీఎస్. 3.0 గిగాబిట్‌ది (1000 ఎంబీపీఎస్) అయితే సరే. వైఫై కార్డు సలహా కూడా ఎవరైనా ఇస్తారేమో, క్యాబినెట్ టేబుల్ కింద, యాంటెన్నాలు గోడవైపు ఉంటే సిగ్నల్ ఏం అందుతుంది?

క్రింపింగ్:
ఆ కేబుల్ ఎక్కడి నుంచి వస్తోంది? అది చెప్పకుండా ఏ కార్డు కొన్నా దండగే.

గోదారిగట్టు:
పక్క వీధి మేడ మీద ఆపరేటర్ స్విచ్ (ఇళ్లకి నెట్ పంచే పెట్టె) ఉంది. అక్కడి నుంచి కొబ్బరిచెట్టు మీదుగా మా కిటికీలోకి.

క్రింపింగ్:
అదీ సంగతి. ఆరుబయట రాగి తీగ లాగారు, పిడుగు దగ్గర్లో పడినా దానిలోకి సర్జ్ దిగుతుంది. కొత్త కార్డూ వచ్చే వానకి పోతుంది. ఇంటిదాకా ఫైబర్ వేయమనండి, గాజులో కరెంటు పారదు. ఫైబర్ పెట్టె అడాప్టర్ మాత్రం ఉరుములప్పుడు పీకాల్సిందే, కరెంటు లైన్ నుంచీ దెబ్బ రావచ్చు.

పాతసిస్టం:
పోతే కార్డే పోతుంది, ఇంకోటి కొంటారు. షాపుకెళ్తే మాత్రం బోర్డు ఖర్చు. ఈ వృత్తే అంత.

సర్వీస్‌బెంచ్:
ఇక ఉన్న మాట చెప్తాను. సిస్టం విప్పి, గంటసేపు చూసి, "కార్డు చాలండీ" అంటే జనం ఆ మాట తీసుకుని ఆన్‌లైన్‌లో కార్డు కొనుక్కుంటారు. చూసినందుకు రూపాయి ఇవ్వరు. అది పని చేయకపోతే మళ్లీ నా దగ్గరికే వచ్చి నన్నే తిడతారు. మా చేతికి విలువ కట్టరు గనక కొందరు సామాను మీద లాక్కుంటున్నారు. అది తప్పే, నేను వెనకేసుకురాను. కానీ మీరు మాట్లాడుతున్నది కార్డు గురించి కాదు.

పాతసిస్టం:
కాదు, నిజమే. చూసినందుకు ఇంత అని ముందే చెప్తే ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఎవరూ చెప్పరు. నా కళ్ల ముందు విప్పమంటే అనుమానిస్తున్నానని ముఖం మాడ్చుకుంటారు.

సర్వీస్‌బెంచ్:
నా షాపులో ఎదురుగానే విప్పుతాను. అయినా బేరం ఆడతారు.

మేడమీదగది:
ఇద్దరూ ఆయన ప్రశ్న మర్చిపోయారు.

గోదారిగట్టు:
కార్డు తెచ్చి పెట్టేశాను. గ్రాఫిక్స్ కార్డు చిన్న స్లాట్‌కి అడ్డొస్తే కిందున్న పొడుగు స్లాట్‌లో పెట్టాను, నడుస్తోంది. కానీ స్పీడ్ 100 ఎంబీపీఎస్ అనే చూపిస్తోంది. కార్డు గిగాబిట్‌దే.

సర్వీస్‌బెంచ్:
డ్రైవర్ కంపెనీ సైట్ నుంచి వేయండి.

క్రింపింగ్:
డ్రైవర్ కాదు. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు చాలు. ప్లగ్‌లో నీలం, గోధుమ జతలు ఉన్నాయా, కత్తిరించేశారా చూసి చెప్పండి.

గోదారిగట్టు:
గోధుమ జత లేదు.

క్రింపింగ్:
ఆపరేటర్‌ని పిలవండి. వచ్చినప్పుడు ఫైబర్ సంగతి కూడా అడగండి.