‘విండోస్ కోసం డౌన్‌లోడ్ చేయండి’లో ‘కోసం’ సరైనదేనా?

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళం కొందరం కలిసి ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వెబ్‌సైటును తెలుగు చేస్తున్నాం. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ‘విండోస్ కోసం డౌన్‌లోడ్ చేయండి’, ‘మ్యాక్ కోసం డౌన్‌లోడ్ చేయండి’ అని వరసగా బటన్లున్నాయి. చదివినప్పుడల్లా ఆ ‘కోసం’ నాకు గుచ్చుకుంటోంది.

మన మాటల్లో ‘కోసం’ ఎక్కడ వస్తుందో చూడండి. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాం. బస్సు కోసం నిలబడ్డాం. పిల్లల కోసం కష్టపడుతున్నాం. మనం కోరుకునేదానికో, మనవల్ల మేలు పొందేవాళ్ళకో ‘కోసం’ అంటాం. ఒక వస్తువు ఇంకో వస్తువుకు సరిపోతుందని చెప్పాలంటే ‘కి’, ‘కు’ చాలు. ఎస్పీ రోడ్డులో షాపుకెళ్ళి ‘ఈ ఫోనుకి కవరుందా’, ‘ఈ లాప్‌టాప్‌కి చార్జరుందా’ అని అడుగుతాం గానీ ‘ఈ ఫోను కోసం కవరుందా’ అనం. బళ్ళో వల్లె వేసిన విభక్తుల్లోనూ ‘కొఱకు, కై’ చతుర్థిలో, ‘కి, కు’ షష్ఠిలో వేరువేరుగానే ఉన్నాయి. ఇంగ్లీషులో రెండు పనులకూ ‘ఫర్’ అని ఒకటే మాట కాబట్టి అనువాదంలో అన్నిచోట్లా ‘కోసం’ వచ్చి కూర్చుంటోంది. పైగా ‘విండోస్ కోసం డౌన్‌లోడ్ చేయండి’ అంటే విండోస్‌కి మనమేదో సాయం చేస్తున్నట్టుంది. డౌన్‌లోడ్ మనకోసం కదా, అందుకే ‘చేసుకోండి’ అనాలి.

బటన్ల మీద ‘విండోస్‌లో నడిచేది’, ‘మ్యాక్‌లో నడిచేది’ అని రాద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు:
బాగా పట్టుకున్నారండీ. మాకు కన్నడ అనువాదంలో ఇదే పేచీ. ‘విండోస్‌గాగి’ అని రాస్తున్నారు, మాట్లాడేటప్పుడేమో ‘విండోస్‌గె’ అంటారు. అయితే ‘నడిచేది’ బటన్ మీద కాస్త పొడుగు. ‘విండోస్ వెర్షన్’ అంటే చాలదా? జనం అనేది అదే.

ఎక్కడైనా ‘విండోస్‌కి’ అని రాయాల్సి వస్తే సకారపు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) తప్పక పెట్టండి. లేకపోతే ‘విండోస్కి’ అయిపోయి సకారానికి కావత్తు పడుతుంది. ఇంకోటి, విండోస్‌లో తెలుగు నిర్మలా యూఐ ఫాంటులో కనిపిస్తే మ్యాక్‌లో కోహినూర్ తెలుగులో కనిపించవచ్చు. బటన్ ఎత్తు ఒక సిస్టమ్‌లో చూసి బిగించేస్తే ఇంకోదాంట్లో వత్తులు కింద తెగిపోతాయి. రెండింటిలోనూ తెరిచి చూడండి.

ఇంకో జవాబు:
‘కోసం’ తీసేయడం మంచిదే. అంతకన్నా ముందు ఆ పేజీ పైన ‘మీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోండి’ అని ఉంది చూశారా? మదనపల్లెలో మా పిన్ని టీచరు. తన లాప్‌టాప్ ఏ కంపెనీదో చెప్పగలదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదంటే చెప్పలేదు. ఆమెను ఆ ప్రశ్న అడగకుండానే సరైన బటన్ పైకి రావాలి.

బ్రౌజరు ఇచ్చే సమాచారంతో చాలావరకు అది కుదురుతుంది, పూర్తిగా కాదు. విండోస్ 11లో ఉన్నా బ్రౌజరు మామూలుగా విండోస్ 10లో లాగే ‘విండోస్ ఎన్‌టీ 10.0’ అనే చెబుతుంది. 2020 చివర్లో ఆపిల్ తన ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చింది. వాటిలోనూ సఫారీ తనను ‘ఇంటెల్ మ్యాక్’ అనే చెప్పుకుంటుంది. దాన్ని నమ్మి పేజీ ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌ల ఫైలు ఇచ్చేస్తే లాభం లేదు. మ్యాక్ వాళ్ళను అడగక తప్పదు. అడిగేది మాత్రం తేలిక తెలుగులో అడగండి: ‘పైన ఎడమ మూల ఆపిల్ గుర్తు నొక్కి అబౌట్ దిస్ మ్యాక్ తెరవండి. చిప్ అన్నచోట ఎం1, ఎం2 లాంటి పేరుంటే మొదటి ఫైలు తీసుకోండి. ప్రాసెసర్ అన్నచోట ఇంటెల్ అని ఉంటే రెండోది తీసుకోండి.’ ‘మీ ఆర్కిటెక్చర్‌ను ఎంచుకోండి’ అని రాస్తే మా పిన్ని ఆ పేజీ మూసేస్తుంది.

మొదట అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. బటన్ మీద ‘విండోస్ వెర్షన్’, దానికింద చిన్న అక్షరాల్లో ‘విండోస్ 10, 11లో నడుస్తుంది’ అని పెడుతున్నాను. మ్యాక్‌కి మీరు చెప్పిన వాక్యాలే తీసుకుంటాను. ఆపరేటింగ్ సిస్టమ్ అన్నమాట పేజీ పైనుంచి తీసేస్తున్నాను.

లైనక్స్ దగ్గరే ఇంకా తేలలేదు. అక్కడ డౌన్‌లోడ్ అన్నదే పూర్తిగా నప్పదు. చాలామంది తమ సిస్టమ్‌లోని సాఫ్ట్‌వేర్ స్టోర్‌లోంచో, ఒక కమాండుతోనో ఇన్‌స్టాల్ చేసుకుంటారు. అందుకని ఇలా రాశాను: ‘ముందు మీ లైనక్స్‌లోని సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో వెతకండి. అక్కడ దొరక్కపోతే ఉబుంటు, డెబియన్ వాడేవారు డెబ్ ఫైలు, ఫెడోరా వాడేవారు ఆర్‌పీఎం ఫైలు తీసుకోండి.’ ఈ వాక్యం లైనక్స్ కొత్తగా వాడుతున్నవాళ్ళకు అర్థమవుతుందా? మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే చదివించి చెప్పండి, ఆ తర్వాతే సైటులో పెడతాను.