పాత ఆర్‌ఎక్స్ 100కి డిస్క్ బ్రేకు వేయిస్తే తప్పా?

ఆర్‌ఎక్స్_కర్నూలు:
మా చిన్నాన్న నడిపిన 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 నా చేతికి వచ్చింది. సిలిండర్‌కు బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేయించాం, ఇప్పుడు ఒక్క కిక్కుకే అందుకుంటోంది. ట్యాంకు, సైడ్ ప్యానెళ్లు బండితో వచ్చినవే. ఇక మిగిలింది ముందు డ్రమ్ము బ్రేకు, అంటే చక్రం మధ్యలో డ్రమ్ముకు లోపల షూలు ఒత్తుకుని ఆపేది. కొత్త యమహా బండి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జోడు రాడ్లు), డిస్కు తెచ్చి బిగించేద్దాం అంటున్నాడు మెకానిక్. దాన్ని ముట్టుకుంటే బండి విలువ పోయినట్టే అంటున్నారు తెలిసినవాళ్లు. నేను దీన్ని షెడ్డులో పెట్టి చూసుకోవడానికి చేయించడం లేదు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లిరావాలని కోరిక. ఇలాంటి పాత బండ్లు నడిపినవాళ్లు ఏమంటారు?

పుత్లీబౌలి_పాతకాపు:
వద్దు తమ్ముడూ. నేను మొదట సుజుకీ సమురాయ్ నడిపాను, తర్వాత ఆర్‌ఎక్స్ 100, ఆ తర్వాత ఆర్‌ఎక్స్ 135. మూడూ టూ స్ట్రోకే. మనసులో నిలిచిపోయింది మాత్రం మధ్యదే. 98 సీసీ ఇంజను, 11 హార్స్ పవర్, బండి బరువు చూస్తే నూరు కిలోల పైచిలుకు, అంతే. సెకండ్ గేరులో యాక్సిలేటర్ తిప్పగానే ముందు చక్రం తేలిపోతున్నట్టు ఉంటుంది. ఆర్‌ఎక్స్ ప్రాణమంతా ఆ తేలికలోనే ఉంది. లావుపాటి ఫోర్కు, డిస్కు, దాన్ని నొక్కి పట్టే కాలిపర్ అన్నీ తెచ్చి ముందు తగిలిస్తే హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది. ఆ తర్వాత నువ్వు నడిపేది మీ చిన్నాన్న నడిపిన బండి కాదు.

ఇంకో మాట. 1985లో మొదలైన ఈ బండి తయారీ 1996లో ఆగిపోయింది. కొత్తవి ఇక రావు. ఉన్నవాటిలో చాలా బండ్లకు అల్లాయ్ చక్రాలు, సన్నటి హ్యాండిళ్లు, ఎల్ఈడీ లైట్లు ఎక్కేశాయి. అసలు పార్టు కోసం హైదరాబాద్ పుత్లీబౌలిలో దుకాణం దుకాణం తిరిగేవాడిని నేను. పాత స్టాకు మీటరు ఒకటి దొరికిందంటే ఆ రోజు నిద్ర పట్టదు. డబ్బాలో ఉన్న కార్బురేటర్ మీద మికునీ అని కంపెనీ పేరు రాసి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ఆ బరువే చెప్పేస్తుంది డూప్లికేట్ అని. అసలు రూపంలో మిగిలిన ఒక్కో బండీ ఎంత విలువైందో ఇలా వెతికితే తెలుస్తుంది.

ఘాట్_రైడర్:
పాతకాపు గారూ, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో ఒప్పుకోను. అతను వెళ్తానంటున్నది శ్రీశైలం.

టూ స్ట్రోక్ బండికి ఇంజను బ్రేకింగ్ పెద్దగా ఉండదు. ఫోర్ స్ట్రోక్ బండిలో యాక్సిలేటర్ వదిలేసి గేరు దించితే ఇంజనే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది. ఆర్‌ఎక్స్‌లో అలా కాదు, వదిలేస్తే జారుకుంటూ పోతుంది. పైగా పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే బండి అయితే ఇంకో చిక్కు. దిగుడులో యాక్సిలేటర్ మూసేస్తే పెట్రోలు రాదు, దాంతో పాటు రావాల్సిన ఆయిలూ రాదు. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే పాత రైడర్లు దిగుడులో మధ్యమధ్యన క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేసేవాళ్లు. మరి బరువంతా ఎవరి మీద పడుతుంది? ఆ రెండు చిన్న డ్రమ్ముల మీదే.

దోమలపెంట దాటాక డ్యాము వైపు దిగే మలుపుల్లో వెనక మనిషిని ఎక్కించుకుని ఒకసారి దిగి చూడండి. మొదటి మలుపుల్లో బ్రేకు బాగానే పడుతుంది. డ్రమ్ము వేడెక్కే కొద్దీ లివర్ హ్యాండిల్ దాకా వస్తుంది, బండి మాత్రం నింపాదిగా సాగిపోతూ ఉంటుంది. నా ముందు వెళ్తున్న మిత్రుడి ఆర్‌ఎక్స్ అలా మలుపులో రోడ్డు దాటి గోడ పక్కన మట్టిలో ఆగింది. హబ్బు దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంది, లైనింగ్ కాలిన వాసన. ఆ రోజు ఎదురుగా బస్సు రాలేదు, అంతే.

1992లో రోడ్డు మీద ఇన్ని బండ్లు లేవు. ఇప్పుడు ముందు వెళ్లే కారుకు ఏబీఎస్ ఉంది, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది. 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికీ 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. వాళ్లు టక్కున ఆగుతారు, వెనక ఉన్న మనమూ ఆగాలి కదా! బండి అసలు రూపం కన్నా ఎక్కినవాడు క్షేమంగా ఇంటికి రావడం ముఖ్యం. కుర్రాడికి డిస్కు వేయించుకోమనే చెప్తాను.

యెజ్డీ_బెజవాడ:
నాది యెజ్డీ. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి పార్టుల బాధ నాకు చెప్పక్కర్లేదు. కాలితో గేరు మార్చే లివర్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్. కొత్తవాళ్లకు ఎక్కడ కిక్కు కొట్టాలో చూపించాల్సి వచ్చేది. సింగిల్ సిలిండర్‌కు రెండు సైలెన్సర్లు. ఆ శబ్దం వీధి మొదట్లో వినిపిస్తే ఇంట్లో అన్నం వడ్డించేసేవాళ్లు.

దానికి నేను స్పార్క్ వచ్చేలా చేసే పాత కాంటాక్ట్ పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను. వానాకాలంలో పాయింట్ల మధ్య గరుకు కాగితం పెట్టి గీకే పని తప్పింది. తీసిన ప్లేటు, కాయిలు అన్నీ గ్రీజు రాసి గుడ్డలో చుట్టి దాచాను, ఎప్పుడైనా మళ్లీ బిగించొచ్చు. నా పద్ధతి ఇదే: వెనక్కి తిప్పుకోగలిగిన మార్పు అయితే చేయించు, చాసిస్ కోయాల్సి వచ్చినా, వెల్డింగ్ పెట్టాల్సి వచ్చినా ఒప్పుకోకు. ఫోర్కు కోసం హ్యాండిల్ స్టెమ్ (చాసిస్‌లో హ్యాండిల్ తిరిగే కడ్డీ) దగ్గర కోత పడుతుందేమో మీ మెకానిక్‌ని ముందే అడుగు.

సీడీ100_ఖమ్మం:
అందరూ టూ స్ట్రోక్ గురించే మాట్లాడుతున్నారు. అదే 1985లో హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. మా నాన్న ఉద్యోగమంతా దాని మీదే చేశారు. జీతం రాళ్లతో ఇల్లు నడిపేవాళ్లకు లీటరుకు ఎక్కువ దూరం వెళ్లే బండి అంటే ఎంత ఊరటో మీకు తెలియంది కాదు. టూ స్ట్రోక్‌లో సిలిండర్ గోడలోని రంధ్రాలు, అంటే పోర్టులు, తెరిచి ఉన్నప్పుడు కాలని పెట్రోలు కూడా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ పొగ పీల్చేది వెనక వచ్చేవాళ్లే. ఉద్గారాల నిబంధనలు గట్టిపడే కొద్దీ ఆ బండ్లు పోవడం న్యాయమే అనుకుంటాను. నడపండి, కాదనను. ఊళ్లో రోజువారీ పనులకు మాత్రం వేరే బండి వాడండి.

పుత్లీబౌలి_పాతకాపు:
ఖమ్మం సోదరా, పొగ మాట ఒప్పుకుంటున్నా. అందులో చాలా వరకు ఆయిల్ ఎక్కువ పోయడం వల్లా, కార్బురేటర్ సరిగ్గా సెట్ చేయకపోవడం వల్లా వచ్చేదే. తగ్గించుకోవడం మన చేతుల్లో ఉంది.

రైట్‌గేర్_అనంతపురం:
నేను బండి నేర్చుకుంది మా నాన్న బుల్లెట్ మీద. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. కిక్కు కొట్టడమే ఒక పాఠం. కిక్కును మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. వచ్చాక సిలిండర్‌లోని ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివర్ పట్టి ఇంకాస్త నొక్కి, దాన్ని వదిలేసి, అప్పుడు నిండుగా ఒక్క కిక్కు. తొందరపడితే రాడ్డు తిరిగొచ్చి పిక్కకు తగిలేది. అమ్మాయివి, నీకెందుకమ్మా అన్నవాళ్ల ముందే ఒక్క కిక్కుకు స్టార్ట్ చేసి చూపించాను. ఆ బండి నాకు ఇచ్చిన ధైర్యం అది.

ఇప్పుడు ఎవరైనా గేరు ఎడమ వైపుకు మార్పిద్దామంటే నేను ఒప్పుకోను, అది బండి స్వభావం. బ్రేకు అలాంటిది కాదు. ముందు బ్రేకు బలహీనంగా ఉండడాన్ని స్వభావం అనడం నాకు నచ్చదు.

ఆర్‌సీ_చూసుకోండి:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్‌ఎక్స్ 100లో ఆర్‌ఎక్స్ 135 సిలిండర్, పిస్టన్ ఉన్న బోరు కిట్ వేయించుకుంటారు చూడండి, ఆర్‌సీలో 98 సీసీ అని ఉంటే అది నేరుగా ఇరుక్కోవడమే. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. ఫోర్కు మార్చినా అక్కడ ప్రశ్న వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. డ్రమ్మునే బాగు చేయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

యెజ్డీ_బెజవాడ:
అసలు రూపం అనేవాళ్లు కూడా తప్పక మార్చాల్సింది ఒకటుంది, పెట్రోలు పైపు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, ముక్కలై కార్బురేటర్‌లోకి పోతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకులో నీరు చేరి తుప్పు పడుతుంది. షెడ్డులో పెట్టి పూజ చేసేవాళ్లకే ఈ నష్టం ఎక్కువ. నడిపేవాడి ట్యాంకు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది.

పుత్లీబౌలి_పాతకాపు:
ఘాట్ రైడర్ గారు చెప్పింది తీసిపారేయను. ఐతే డ్రమ్ము పనికిరాదనే ముందు దాన్ని సరిగ్గా చేయించినవాళ్లు ఎందరు? చక్రానికి కొత్త స్పోకులు బిగిస్తే ఆ లాగుడుకు డ్రమ్ము గుండ్రం తప్పుతుంది. స్పోకులు బిగించాకే లేతు మీద పెట్టి డ్రమ్ము తిప్పించాలి. చాలామంది ముందే తిప్పించేస్తారు, అది వృథా. షూలకు మంచి లైనింగ్ వేయించి డ్రమ్ముకు సరిపోయేలా అరగదీయించాలి. కేబుల్ కొత్తది వేయాలి. బ్రేకు పట్టినప్పుడు కామ్ ఆర్మ్‌కూ (కేబుల్ లాగితే షూలను తెరిచే చిన్న చెయ్యి) కేబుల్‌కూ మధ్య మూలమట్టం వచ్చేలా పెట్టాలి, లేకపోతే వేళ్ల బలం సగం దారిలోనే పోతుంది. తమ్ముడూ, ఇవన్నీ చేయించి చూడు. అప్పటికీ చాలకపోతే డిస్కు వేయించుకో, నేను అడ్డు చెప్పను. పాత ఫోర్కు మాత్రం అమ్మకు.

ఘాట్_రైడర్:
ఇంత పని చేయించిన డ్రమ్ము ఊళ్లో బాగా పడుతుంది, ఒప్పుకుంటాను. ఘాట్‌లో వేడి సమస్య మాత్రం పోదు, ఆ ఇనుము అంతే. ఆ బ్రేకుతో వెళ్లేట్టయితే ఒక్కడివే వెళ్లు, వెనక ఎవరినీ ఎక్కించుకోకు, శిఖరం దగ్గర బండి ఆపి చక్రం చల్లారాకే దిగుడు మొదలుపెట్టు.

ఆర్‌ఎక్స్_కర్నూలు:
అందరికీ థాంక్స్. ఫోర్కు వేయాలంటే స్టెమ్ కోయాల్సిందేనట, మెకానిక్‌ని అడిగాను. కాబట్టి ముందు డ్రమ్ము పనే చేయిస్తున్నా, పెట్రోలు పైపు కూడా మార్పిస్తా. కర్నూల్లో స్పోకులు బిగించాక చక్రాన్ని చక్రంలాగే లేతు మీద పెట్టి డ్రమ్ము తిప్పేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నేను అడిగిన చోట హబ్బు ఊడదీసి తెమ్మంటున్నారు.