జీవమా, రసాయనమా: బడిలో తేల్చి చూపే పరీక్ష ఏదైనా ఉందా?

నమస్కారం. కావలి దగ్గరి పల్లెలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతున్నాను. మొన్న రెండు గ్లాసులు పెట్టాను. ఒకదానిలో గోరువెచ్చని చక్కెర నీళ్లలో ఈస్ట్, రెండోదానిలో వంటసోడా మీద నిమ్మరసం (నెల్లూరు జిల్లాలో నిమ్మకాయలకు కొదవేముంది!). కాసేపటికి రెండింటిలోనూ బుడగలే, రెండింటిలోనూ కార్బన్ డయాక్సైడే. "మరి అంగారకుడి మీద దిగిన యంత్రానికి ఏది ప్రాణమో ఎలా తెలుస్తుంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

1976లో అంగారకుడి మీద దిగిన నాసా వైకింగ్ నౌకలు సరిగ్గా ఈ చిక్కులోనే పడ్డాయి. మట్టికి పోషక ద్రవం కలిపితే వాయువు వచ్చింది. అదే మట్టిని ముందుగా 160 డిగ్రీలకు వేడి చేస్తే రాలేదు. సూక్ష్మజీవులు చచ్చాయనిపిస్తుంది కదా? కానీ వేడికి విడిపోయే రసాయనాలూ ఉంటాయి. 2008లో నాసా ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్లను (ప్రాణం లేకుండానే ఇలాంటి చర్యలకు దారితీయగల లవణాలు) కనుగొన్నాక, అది రసాయనమేనేమో అన్న అనుమానం ఇంకా బలపడింది.

అందుకే ఈస్ట్‌ను మరిగించి చూపి ఊరుకోవడం నాకు నిజాయితీగా అనిపించడం లేదు. జీవం పెరుగుతుంది, తనలాంటి దాన్ని పుట్టిస్తుంది. దాన్ని మైక్రోస్కోపు లేకుండా, ఒక్క పీరియడ్‌లో కాకపోయినా రెండు మూడు రోజుల్లో పిల్లల కళ్లకు కట్టించడం ఎలా? ఒక గ్లాసులోంచి చెంచాడు తీసి కొత్త చక్కెర నీళ్లలో వేస్తూ పోతే సరిపోతుందా? ఎంత చక్కెర, ఎన్ని గంటలు? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.