టూంబ్‌స్టోన్‌కి ఎప్పుడు వెళ్తే ఫోటోలు బాగా వస్తాయి?

ప్రశ్న: కెనడా యూకాన్‌లో టూంబ్‌స్టోన్ పార్క్‌కి ఎవరైనా వెళ్లారా, ఆ ఎర్రటి లోయలు ఫోటో తియ్యాలని ఎప్పట్నుంచో ఉంది కానీ మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ ఎక్కలేదు.

జవాబు: ఆగస్టు ఆఖర్లో గానీ సెప్టెంబర్ మొదట్లో గానీ వెళ్లండి బ్రో. డెంప్‌స్టర్ హైవే మీద 74వ కిలోమీటర్ దగ్గర వ్యూపాయింట్ ఉంది, కారు దిగితే చాలు, ఎదురుగా లోయ, దాని చివర్లో నల్లగా టూంబ్‌స్టోన్ కొండ. గ్రిజ్లీ లేక్‌కి నడక దారి మాత్రం ఒక వైపే 11 కిలోమీటర్లు, మధ్యలో రాళ్లగుట్టలు, ఆవిడని అటు తీసుకెళ్లారంటే ఇంక మీ పని అంతే 😄

జవాబు: ఆ ఎరుపు ఎక్కువగా పొట్టి బర్చ్ పొదలదే, కెమెరా బాగా కిందకి దించి తియ్యండి. రోడ్డు కంకర, స్టెప్నీ చూసుకోండి. హైవే ఎక్కే ముందే డాసన్ ఊర్లో ట్యాంక్ ఫుల్ చేయించండి, ఆ తర్వాత బంకు ఈగిల్ ప్లెయిన్స్‌లోనే, 369వ కిలోమీటర్ దగ్గర.

ప్రశ్న వేసినాయన: థ్యాంక్స్ అండీ, ఎలుగుబంట్ల సంగతి?

జవాబు: ఉంటాయి. ఎలుగుబంట్ల మీద కొట్టే బేర్ స్ప్రే కొనుక్కోండి.