థైరాయిడ్ ఆపరేషన్ వీడియోలో కోత పెట్టిన చోటంతా తెల్లగా మెరిసిపోతోంది, కెమెరా మార్చాలా?

సర్జన్, గుంటూరు కొత్తపేట:
మాది పాతిక పడకల ఆసుపత్రి. జూనియర్లకు చూపించడానికి ఫోనును సెలైన్ స్టాండుకు బిగించి మూడు థైరాయిడ్ ఆపరేషన్లు వీడియో తీశాను. మూడింటిలోనూ చుట్టూ కప్పిన ఆకుపచ్చ గుడ్డలు ముచ్చటగా కనిపిస్తున్నాయి, కోత లోపల మాత్రం వెలుగు ముద్ద. నేను చూపించాలనుకున్నదే స్వరపేటికకు వెళ్లే నరాన్ని. అది సన్నని తెల్ల దారంలా ఉంటుంది, ఈ వెలుగులో ఎక్కడుందో నాకే తెలియడం లేదు. పైగా సగం సేపు నా తలకాయే అడ్డం. మంచి కెమెరా కొంటే సరిపోతుందని డీలరు అంటున్నాడు. కొనమంటారా?

వీడియోగ్రాఫర్, విజయవాడ:
అప్పుడే కొనకండి డాక్టరు గారూ. నేను పదిహేనేళ్లు పెళ్లిళ్లు తీసి, ఈ మధ్యే ఆసుపత్రుల పనిలోకి వచ్చాను. తప్పు కెమెరాది కాదు, దానికి మీరు చూపిస్తున్న దృశ్యానిది. థియేటర్ లైటు ఒక మీటరు దూరంలో 40,000 నుంచి 1,60,000 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వరకు వెలుగు ఇస్తుంది. మన ఇంటి గదిలో కొన్ని వందల లక్స్ ఉంటే గొప్ప. ఫోను చూసే చట్రంలో ముప్పాతిక భాగం ముదురు గుడ్డలే కాబట్టి, అది 'అంతా చీకటిగా ఉంది' అనుకుని వెలుగును పెంచేస్తుంది. గుడ్డలు బాగుపడతాయి, కోత కాలిపోతుంది. లక్ష రూపాయల కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది.

కాబట్టి ముందు చట్రం నిండా కోతే ఉండేలా దగ్గరకు తెచ్చుకోండి. తెర మీద కోత దగ్గర వేలు కాసేపు నొక్కి ఉంచితే వెలుగు, ఫోకస్ రెండూ అక్కడే స్థిరపడతాయి. ఆ తర్వాత వెలుగును ఇంకొంచెం తగ్గించండి, గుడ్డలు నల్లబడినా పట్టించుకోవద్దు. నరం కనిపించాలంటే చుట్టూ ఉన్న ఎరుపు కాస్త ముదురుగా ఉండాలి. రంగుల కోసం, కోత పెట్టడానికి ముందే ఆ లైటు కిందే తెల్లని గాజ్ (డ్రెస్సింగ్) గుడ్డ చూపించి వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెలుపుగానే కనిపించే అమరిక, సరిచేసుకోండి. వీడియోలో అడ్డంగా పట్టీలు పాకుతుంటే మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెట్టి చూడండి.

థియేటర్ టెక్నీషియన్, సూర్యారావుపేట:
సార్, ముందు ఆ సెలైన్ స్టాండు తీసేయండి. చక్రాల మీద నిలబడే దానికి ఫోను కట్టి తెరిచిన మెడ మీదకు వంచడం చూస్తే నాకు గుండె ఆగినంత పని అయింది. థియేటర్ లైటు చేతికి కట్టినా అంతే, ఆ బరువుకు అది మెల్లగా కిందికి దిగుతుంది. గోడకు గానీ పైకప్పుకు గానీ బిగించిన చెయ్యి పెట్టించి, విడిగా ఒక తాడు కూడా కట్టండి. కోతకు నిట్టనిలువుగా పైన కాకుండా కాస్త పక్క నుంచి చూసేలా ఉండాలి. మధ్యలో ఫోనును మీరే కదపాల్సి వస్తే ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) కెమెరాకు తొడిగే స్టెరైల్ కవరు వేయండి. ఫోను ఆసుపత్రిదై ఉండాలి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. మా దగ్గర ఒకసారి కీలకమైన చోట ఎవరో బంధువు ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది.

గైనకాలజిస్టు, గుంటూరు:
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మేము ల్యాప్రోస్కోపీ బాక్సు నుంచి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తాం. కాటరీ (కరెంటుతో కణజాలాన్ని కాల్చి రక్తం ఆపే పరికరం) నొక్కినప్పుడల్లా బొమ్మ మీద గీతలు వస్తున్నాయి. పైగా బాక్సుకు పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఒకే ఆపరేషన్ మూడు ముక్కలుగా వస్తోంది.

థియేటర్ టెక్నీషియన్:
గీతలు కాటరీ తీగ నుంచి వస్తున్నాయి మేడం. వీడియో కేబుల్‌ను దాని పక్కన చుట్టి పెట్టకుండా దూరంగా తీయండి, ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. ముక్కలు కావడం లోపం కాకపోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసినా గంటకు 4.5 జీబీ అవుతుంది. ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోకి మార్చండి. మీ బాక్సు దాన్ని చదవకపోతే ముక్కలను తర్వాత అతికించుకోవచ్చు.

సీనియర్ సర్జన్, విజయవాడ:
అందరూ లైటు గురించే మాట్లాడుతున్నారు, రోగిని అడిగారా బాబూ? 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం రోగి ఎవరో తెలిసిపోయేలా ఫొటోలు గానీ కేసు వివరాలు గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు. గుర్తుపట్టే వీలు లేకపోతే అనుమతి అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. కానీ ఆ వెసులుబాటును నమ్ముకోవద్దనే నేనంటాను. థైరాయిడ్ వీడియోలో గడ్డం, పెదవులు కనిపిస్తాయి. మన వైపు ముంజేతి మీద పేరు పచ్చబొట్టు పొడిపించుకున్న వాళ్లు కోకొల్లలు. ల్యాప్రోస్కోపీ తెర మూలన రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది) ఉంటాయి. వీటన్నిటికంటే ప్రమాదం మన నోరు. రోగి పేరు పెట్టి మాట్లాడతాం, మధ్యలో వంకాయ కూర గురించి కూడా మాట్లాడతాం. మైకు ఆపేయండి, వివరణ తర్వాత చదివి కలపండి.

ఆపరేషన్ అనుమతి పత్రం చివర ఒక వాక్యం ఇరికించవద్దు. వేరే కాగితం, తెలుగులో, ముందు రోజే. జూనియర్లకు చూపించడం వేరు, యూట్యూబులో పెట్టడం వేరు, రెండింటికీ వేర్వేరుగా సంతకం తీసుకోండి. ఒప్పుకోకపోయినా వైద్యంలో తేడా ఉండదని నోటితో కూడా చెప్పండి. ఇక వాట్సాప్‌లో పంపడం మాత్రం చేయకండి. బొమ్మ నాణ్యత పోతుంది, ఎక్కడికి పోయిందో కూడా తెలియదు.

సర్జన్, గుంటూరు కొత్తపేట:
అందరికీ ధన్యవాదాలు. గోడకు చెయ్యి బిగించి, ముందు రోజే కాగితం మీద సంతకం తీసుకుని, ఈ ఉదయం తీశాను. నరం స్పష్టంగా కనిపించింది, మత్తు డాక్టరు గారు కూడా చూసి అవునన్నారు. కానీ సరిగ్గా దాన్ని విడదీసే రెండు నిమిషాలూ మళ్లీ నా తలే.

వీడియోగ్రాఫర్:
ఫోనును రోగి తల వైపుకు, మత్తు డాక్టరు గారికీ కోతకూ మధ్య కట్టే గుడ్డ తెర పై నుంచి చూసేలా మార్చండి. మీరు ముందుకు వంగినా అటు నుంచి దారి తెరిచే ఉంటుంది. పెళ్లిళ్లలో నాకు ఆ అవకాశం కూడా లేదు, సరిగ్గా తాళి కట్టే వేళకు ఎవరో ఒక మేనమామ లేచి నిలబడతాడు.