కవలల చిక్కుకు టెన్సర్లు నిజంగా కావాలా?

సాపేక్ష సిద్ధాంతం సరదాగా చదువుకునే మా మిత్రుల మధ్య ఒక వాదన ఎంతకీ తెగడం లేదు. భౌతికశాస్త్రం బాగా తెలిసినవారు కాస్త తీర్చగలరా?

కవలల చిక్కు (ట్విన్ పారడాక్స్) ఇదీ: కవలల్లో ఒకడు కాంతి వేగంలో 80 శాతంతో 4 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రానికి వెళ్లి, అదే వేగంతో తిరిగొస్తాడు. భూమి మీది సోదరుడికి 10 ఏళ్లు గడుస్తాయి. కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది; ఈ వేగానికి ఆ నిష్పత్తి √(1 − 0.8²) = 0.6. కాబట్టి ప్రయాణికుడికి 10ని 0.6తో గుణిస్తే 6 ఏళ్లు. వర్గమూలం తీయడం వస్తే చాలు.

ఒక మిత్రుడు ససేమిరా అంటాడు. మలుపు దగ్గర త్వరణం ఉంది కాబట్టి సాధారణ సాపేక్షత (గురుత్వాకర్షణను వివరించే సిద్ధాంతం), దాని గణిత పరికరాలైన మెట్రిక్ టెన్సర్, క్రిస్టాఫెల్ గుర్తులు లేనిదే రుజువు కాదట. పేజీల కొద్దీ సమీకరణాలు రాసి చివరికి తేల్చేదీ ఆ 6 ఏళ్లే! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా ఇది? గురుత్వాకర్షణ లేనప్పుడు 1908 నాటి మింకోవ్‌స్కీ చిత్రమే (స్థలం, కాలం రెండు అక్షాలుగా గీసే బొమ్మ) సరిపోతుందని, త్వరణాన్నీ గురుత్వాకర్షణను లెక్కలోకి తీసుకోని ప్రత్యేక సాపేక్షతలోనే లెక్కించవచ్చని నా వాదన.

అయితే అతని ఒక ప్రశ్న దగ్గర నేను తడబడుతున్నాను. ప్రయాణికుడి దృష్టిలో కదిలేది భూమే కాబట్టి, అతని లెక్క ప్రకారం రానూపోనూ కలిపి భూమి గడియారంలో గడిచేది 6 × 0.6 = 3.6 ఏళ్లే. మిగతా 6.4 ఏళ్లు మలుపు దగ్గర ఎలా వచ్చి చేరాయి? టెన్సర్ల జోలికి పోకుండా, వీలైతే బొమ్మ గీసి వివరించండి.