«విద్యా దదాతి వినయం»: బడి గోడ మీద ఉన్న వినయానికి తెలుగు మాట ఏది?

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో వైనతేయ గట్టు పక్కన ఊరు. మా ప్రాథమిక పాఠశాల ప్రహరీకి కొత్తగా రంగులు వేయిస్తున్నారు. గేటు పైన ఎప్పటి నుంచో ఉన్న «విద్యా దదాతి వినయం» అలాగే ఉంచి, దాని కింద ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు చదువుకునేలా తెలుగులో ఒక్క వాక్యం రాయిద్దామనుకున్నాం. తల్లిదండ్రుల కమిటీలో ముందుగా వచ్చిన వాక్యం «చదువుకున్నవారు తల వంచుకుని ఉంటారు». అది నాకు మనసొప్పలేదు. మా పాప మూడో తరగతి. ట్యూషన్‌లో బోర్డు మీద లెక్క తప్పుందని చెప్పినందుకు «వినయం లేదు నీకు» అన్నారట. ఇంటికొచ్చి «వినయం అంటే మాట్లాడకపోవడమా అమ్మా?» అని అడిగింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ గోడ మీద ఏ మాట పడితే పిల్లలు అదే నేర్చుకుంటారు కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

*రాజోలు నుంచి:* మా చిన్నప్పుడు మాస్టారు «చెప్పింది వినేదే వినయం» అనేవారండి. విను, వినయం అని రెండూ కలిపి చెప్పేవారు. బాగా గుర్తుండిపోయింది.

*అమలాపురం నుంచి:* అమ్మా, నేను 30 ఏళ్లు తెలుగు, సంస్కృతం చెప్పాను. ఇది నాకు ఇష్టమైన మాట, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ వాక్యం సంగతి. అది హితోపదేశంలోని శ్లోకం మొదటి ముక్క. విద్య వినయాన్నిస్తుంది, వినయం వల్ల పాత్రత, పాత్రత వల్ల ధనం, ధనం వల్ల ధర్మం, ఆపైన సుఖం. మెట్లు మెట్లుగా సాగుతుంది. తల వంచుకోవడమే వినయమైతే దాని వల్ల పాత్రత, అంటే అర్హత, ఎలా వస్తుంది? అక్కడే తేడా తెలుస్తోంది.

మీ ఊరి పక్కన పారే వైనతేయ పేరులో వినత ఉంది. గరుత్మంతుడి తల్లి. వినత అంటే వంగినది. అది «నమ్» ధాతువు, అంటే మాటకు మూలం. నమస్కారం, నమ్రత, వినమ్రత ఆ ఇంటివే. వినయం ఆ ఇంటిది కాదు. దాని ధాతువు «నీ», అంటే తీసుకువెళ్లడం, నడిపించడం. నేత, నాయకుడు, నిర్ణయం, అభినయం, ఉపనయనం అన్నీ అందులోంచే వచ్చాయి. వినయం అంటే మొదటి అర్థం శిక్షణ, దారిలో పెట్టడం. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం బాగా శిక్షణ పొందిన గుర్రాలను «వినీతాః» అంటుంది. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మొదటి అధికరణం, అంటే మొదటి భాగం, పేరు వినయాధికారికం. అందులో ఉన్నది రాజుకి ఇవ్వాల్సిన చదువు, ఇంద్రియాల మీద అదుపు. రాజుని తల వంచుకోమని ఎవరూ చెప్పరు కదా.

పాప అడిగినదానికి జవాబు కూడా ఆ అధికరణంలోనే ఉంది. ఎలాంటి బుద్ధి ఉన్నవాళ్లను విద్య తీర్చిదిద్దగలదో కౌటిల్యుడు వరసగా చెబుతాడు: వినాలనే కోరిక, వినడం, పట్టుకోవడం, గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, ఊహ, అపోహ, తత్త్వం మీద పట్టుదల. ఊహ అంటే తర్కించి చూడడం. అపోహ అంటే సరికానిదాన్ని తోసెయ్యడం. ఇవాళ మనం ఊహాపోహలు అంటే గాలివార్తలు అనుకుంటున్నాం, అపోహ అంటే తప్పుడు అభిప్రాయం అంటున్నాం. మాటలు అలా మారతాయి, దానికి బాధపడక్కర్లేదు. కానీ బోర్డు మీద లెక్క తప్పని చెప్పిన మీ పాప చేసింది అసలు అర్థంలో అపోహే. విద్య ఇలాంటి పిల్లకే వినయం ఇస్తుందని అంత పాత గ్రంథం చెబుతుంటే, మనం ఆ పిల్లకి వినయం లేదంటామా?

రాజోలు వారు చెప్పిన «వినడం» వ్యుత్పత్తిగా, అంటే మాట పుట్టుక ప్రకారం, కుదరదు. విను అచ్చ తెలుగు ధాతువు, వినయం సంస్కృతం. అయినా ఆ మాస్టారు చెప్పింది వ్యర్థం కాదండి. పై వరసలో మొదటి రెండూ వినడం గురించే. అక్కడితో ఆగిపోకూడదు, అంతే.

మన వాడుకలో వినయం విధేయత పక్కకు చేరిపోయింది, «వినయ విధేయతలు» అని జంటగా వాడతాం. అది ఎక్కువైతే ఏమవుతుందో మన పెద్దలకు తెలుసు కాబట్టే «అతి వినయం ధూర్త లక్షణం» అన్నారు. శిక్షణ అనే అర్థంలో అయితే అతి అనే మాటే రాదు.

ఇంకొక్కటి. బౌద్ధుల గ్రంథం ధమ్మపదంలో 80వ గాథ, అంటే పద్యం, «ఉదకం హి నయంతి నేత్తికా» అని మొదలవుతుంది. నేత్తికులు, అంటే పొలాలకు నీరు తీసుకెళ్లేవాళ్లు, నీటిని నడిపిస్తారు. బాణాలు చేసేవాళ్లు బాణాన్ని, వడ్రంగులు కర్రను వంచుతారు. పండితులు తమను తాము అదుపులో పెట్టుకుంటారు. «నయంతి» కూడా అదే «నీ». ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉన్న సీమ మనది. ఈ గాథ ఇక్కడ ఎవరో చదివే ఉంటారని నాకు అనిపిస్తుంది.

*కాలువ గట్టు ఊరి నుంచి:* మాస్టారూ, ఆ నేత్తికులు అన్న మాట చదివి ఆగిపోయానండి. మా నాన్నగారు కాలువ మీద లస్కరుగా, అంటే గట్లూ తూములూ చూసుకునే పనిలో, చేశారు. నీటిని నడిపించడం అంటే ఏమిటో నేను చూశాను. నీటిని ఎవరూ నెట్టలేరండి. వాలు ఉండాలి, పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క కలుపు లాగాలి, తూము తలుపు ఎంత ఎత్తాలో తెలియాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీటి వంతులు పెట్టినప్పుడు పైవాళ్లు ఎక్కువ తోడేసుకుంటే శివారు చేలకు నీరందదు. రాత్రి పూట లాంతరు పట్టుకుని గట్టు వెంట తిరిగేవారు ఆయన. గోదావరి నీళ్లు పూర్వమూ ఉన్నాయి, వరదలో వచ్చి సముద్రంలోకి పోయేవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీళ్లే కాలువల్లో నడిచి బోదెల్లోకి, చేలల్లోకి వచ్చాయి. కాలువలో పారుతున్న నీటిని ఎవరైనా తల వంచుకున్న నీరు అంటారా? పిల్లలకి ఇది చూపించండి అమ్మా. మీ బడి పక్కనే కాలువ ఉంటుంది కదా.

*అమలాపురం నుంచి:* దీనికి మించి నేను చెప్పలేను బాబూ. అమ్మా, తెలుగులో ఇదే పోలిక సిద్ధంగా ఉంది. నడుచు, నడుపు, నడత, నడవడి. సంస్కృతంలో «నీ» నుంచి వినయం వచ్చినట్టే, మనకి నడక నుంచి నడవడి వచ్చింది. «చదువు నడవడి నేర్పుతుంది» అని రాయించండి. మూడే మాటలు. ఒత్తు ఒక్కటే, ఒకటో తరగతి పిల్ల కూడా కూడబలుక్కుని చదువుతుంది.

*పోస్టు పెట్టినవారు:* మాస్టారికి, రాజోలు వారికి, లస్కరు గారి అబ్బాయికి అందరికీ దణ్ణాలండి. ఇవాళ సాయంత్రం పాపని కాలువ గట్టుకి తీసుకెళ్లి తూము చూపించాను. «మరి తలుపు ఎప్పుడు ఎత్తాలో ఎవరు చెబుతారు?» అని అడిగింది. లస్కరు చెబుతాడన్నాను. «ఆయన తప్పు ఎత్తితే?» అంది. అప్పుడు చూసినవాళ్లు చెప్పాలి తల్లీ, అన్నాను.

కమిటీలో రేపు «చదువు నడవడి నేర్పుతుంది» అని ప్రతిపాదిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. మా అత్తగారు నడవడి అనరు, పిల్లల గురించి ఎప్పుడూ నడత అనే అంటారు. మీ ఊళ్లలో ఇళ్లలో ఏ మాట వినబడుతోందో చెప్పగలరా? పెయింటరు గురువారం వస్తానన్నాడు.